రంగులు ఆఖర్న

సింగపూర్ నది పొడవు మూడు కిలోమీటర్ల పైచిలుకు. కోనసీమలో ఏ పిల్లకాలువని అడిగినా అంతకంటే ఎక్కువే చెబుతుంది. అయినా సరే, ఉద్యోగం అయిపోయి ఇంట్లో కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నవాళ్లు ఎవరు తగిలినా, వీలు చిక్కితే ఒక సాయంత్రం ఆ నది గట్టు పట్టుకుని నడిచి రమ్మంటాను. పిల్లలు అక్కడ కొలువుల్లో ఉన్న తల్లిదండ్రులు మన వీధికొకరున్నారు కాబట్టి ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. వెళ్లలేనివాళ్లు నాతో పాటు ఈ కాగితం మీద నడవండి. ఒంటికి నడక చేసే మేలు మీ డాక్టరు ఎలాగూ చెబుతాడు. పని పోయిన ఒక రేవు మళ్లీ ఎలా నిలదొక్కుకుందో కళ్లారా చూస్తూ నడిస్తే కలిగే మేలు నేను చెబుతాను.

నేను మా బావగారితో నడిచాను. కాకినాడలో ఒక స్టీవెడోరింగ్ కంపెనీలో ముప్ఫై నాలుగేళ్లు టాలీ క్లర్కుగా చేశారాయన. బార్జీలోంచి ఓడలోకి ఎన్ని బస్తాలు ఎక్కాయి, ఓడలోంచి బార్జీలోకి ఎన్ని దిగాయి అని లెక్కపెట్టడం ఆ పని. రిటైరైన మొదటి నెల ఇంటికి రంగులు వేయించారు. రెండో నెల ట్రాక్‌సూటు కొన్నారు. మూడో నెల కీబోర్డు క్లాసులో చేరారు. నాలుగో నెల నుంచి ఏమీ లేదు, పప్పులోకి పోపు ఎప్పుడు వెయ్యాలో మా అక్కకి నేర్పడం తప్ప. అక్క ఫోన్ చేసి, "నువ్వు సింగపూరు వెళ్తున్నావంట కదరా, మీ బావని కూడా తీసుకుపో. తిరిగి తీసుకురావడం నీ ఇష్టం" అంది.

ముందు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పాలి. టూరు బస్సులన్నీ సముద్రం వైపు, నోట్లోంచి నీళ్లు చిమ్మే మెర్లయన్ బొమ్మ దగ్గర దింపుతాయి. అక్కణ్ణించి పైకి నడిస్తే మెరుపులన్నీ ముందే చూసేస్తారు, తర్వాత నడవబుద్ధి కాదు. మీరు ఎగువన మొదలుపెట్టండి. ఫోర్ట్ కానింగ్ మెట్రో స్టేషన్లో దిగి రాబర్ట్‌సన్ కీ వైపు పది నిమిషాలు నడిస్తే చాలు. ఈ 'కీ' అంటే రేవుగట్టు. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి 'క్వే' అన్నారంటే మనవలు నవ్వుతారు, నన్ను నవ్వారు. సాయంత్రం అయిదున్నరకి బయల్దేరండి. భూమధ్యరేఖకి పక్కనే ఉన్న ఊరు కాబట్టి ఏడాది పొడుగునా సూర్యుడు ఏడింటికి అటూఇటూగా దిగుతాడు, ఏ నెలలో వెళ్లినా లెక్క తప్పదు. గొడుగు మర్చిపోవద్దు. జేబులో చిన్న నోటుబుక్కు, పెన్ను పెట్టుకోండి. వాటితో పనుంది.

రాబర్ట్‌సన్ కీలో కాఫీ హోటళ్లు, కుక్కపిల్లల్ని తిప్పుకునే జంటలు, నీడనిచ్చే చెట్లు. బావగారు రెయిలింగు మీద చేతులు పెట్టి కాసేపు నీళ్లు చూశారు. "బావా, ఇది పోటా, పాటా?" అన్నారు. రెండూ కాదు. నది సముద్రంలో కలిసే మరీనా దగ్గర 2008లో అడ్డుకట్ట కట్టాక పోటుపాట్లు ఇక్కడిదాకా రావడం ఆగిపోయింది. ఒకప్పటి ఉప్పునీటి రేవు ఇప్పుడు ఊరికి నీళ్లిచ్చే మంచినీటి జలాశయంలో భాగం. ఆయన నమ్మలేదు. గట్టు రాళ్ల మీద పోటు చార కోసం వెతికారు. చార లేదు.

ఈ నీళ్లు ఒకప్పుడు నల్లగా ఉండేవి. ఆ సంగతి ఇక్కడే, ఎగువనే చెప్పుకోవాలి.

1977 ఫిబ్రవరి 27న ఒక జలాశయం ప్రారంభానికి వచ్చిన ప్రధాని లీ క్వాన్ యూ తన అధికారులకి గడువు పెట్టాడు. పదేళ్లలో సింగపూర్ నదిలోనూ, కల్లాంగ్ నదిలోనూ జనం చేపలు పట్టుకోవాలన్నాడు. అప్పటికి ఆ నీళ్లలో చేప బతికే వీలు లేదు. వాసనకి ముక్కు మూసుకోవాల్సిందే. అలాంటి పని మనకి అప్పగిస్తే ఏం చేస్తాం? నాలుగు పడవలేసుకుని చెత్త తోడతాం, గట్టుకి సున్నం కొడతాం, ఫొటో తీయించుకుంటాం. వాళ్లు నదిలో దిగే ముందు నదిలోకి ఏమేం దిగుతున్నాయో చూశారు. ఈ రెండు నదుల్లోకి దేశం మొత్తం విస్తీర్ణంలో అయిదో వంతు నేల మీది నీళ్లు చేరుతున్నాయి. ఆ నేల మీద దాదాపు 610 పందుల దొడ్లు, 500 బాతుల దొడ్లు ఉన్నాయి. మురుగు పైపుల్లేని గుడిసెల్లో, పాత ఇళ్లలో వేల కుటుంబాలున్నాయి. ప్లేట్లు కడిగి ఎంగిలి నీళ్లు పక్క కాలవలో పారబోసే తోపుడుబళ్లవాళ్లు 5 వేల మంది దాకా ఉన్నారు. కూరగాయల హోల్‌సేలు బజార్లు, పడవలు బాగుచేసే పాకలు, పడవల నూనె వీటికి అదనం.

ఒక్కోదానికీ ఒక్కో దారి చూపించారు. బళ్లవాళ్లకి కుళాయి, తూము ఉన్న హాకర్ సెంటర్లలో చోటిచ్చారు. ఇవాళ మన పిల్లలు చవగ్గా భోంచేసేది ఆ సెంటర్లలోనే. 26 వేల దాకా కుటుంబాలకి వేరే చోట ఇళ్లు చూపించారు, అందులో ఎక్కువ ప్రభుత్వ ఫ్లాట్లే. పందుల దొడ్లు తరలాయి, మూతపడ్డాయి. నదిలోని ఎనిమిది వందల దాకా సరుకు పడవల్ని 1983లో పడమటి తీరాన పాసిర్ పంజాంగ్‌కి పంపేశారు. అడుగు బురద తోడటం, గట్లు కట్టడం ఆ తర్వాతే ఊపందుకుంది. పరిహారాలు కాక 17 కోట్ల సింగపూర్ డాలర్ల దాకా ఖర్చయింది. 1987 సెప్టెంబరులో, పదేళ్లు దాటిన కొద్ది నెలలకి, పని పూర్తయిందని పండగ చేసి, దాని వెనకున్న అధికారులకి బంగారు పతకాలిచ్చారు.

అందరూ నవ్వుతూ వెళ్లారనుకోకండి. నది నీళ్లకి అలవాటైన పడవలకి పాసిర్ పంజాంగ్ అలలు పడవని పడవలవాళ్లు మొత్తుకున్నారు. తాతల నాటి రేవుని ఒక తేదీ పెట్టి ఖాళీ చేయమంటే ఎవరికి బాగుంటుంది? పైగా అప్పటికే వాళ్ల నోటిదగ్గరి కూడు మరొకటి లాక్కుంటోంది. 1972లో తాంజోంగ్ పగార్‌లో కంటైనర్ టెర్మినల్ మొదలైంది. పెట్టెలకి పెట్టెలే క్రేను ఎత్తి గట్టున పెడుతుంటే, నడి సముద్రంలో ఆగిన ఓడకి పడవేసుకుని వెళ్లేవాడితో ఏం పని?

ఇది విని బావగారు నడక ఆపేశారు. కాకినాడలోనూ పెద్ద ఓడలు ఒడ్డుకి రాలేక దూరంగా లంగరేసుకుని ఉండేవి. జగన్నాథపురం కాలువలోంచి బార్జీలు వెళ్లి సరుకు ఎక్కించేవి. 1997లో డీప్ వాటర్ పోర్టు వచ్చాక ఓడ బెర్తుకే వచ్చి నిలబడింది. బార్జీలు ఇంకా తిరుగుతున్నాయి గానీ ఆ నాటి రద్దీ లేదంటారాయన. "మాకంటే పాతికేళ్లు ముందే పోయారన్నమాట" అన్నారు, పోయినవాళ్లు చుట్టాలైనట్టు.

ఇక్కడ ఒక బెంచీ చూసుకుని నోటుబుక్కు తియ్యండి. పేజీకి అడ్డంగా ఒక గీత గీయండి. ఎడమ చివర మీరు లేచే వేళ, కుడి చివర పడుకునే వేళ. అదే మీ నది. దాన్ని ఏది పాడుచేస్తోందో ఒక్కో చిన్న గీతగా పైనుంచి కలపండి. మొదట రాసినదాన్ని నమ్మొద్దు, అది నది మొగలో తేలే చెత్త. ప్రతి గీతకీ "ఇది ఎక్కణ్ణించి వస్తోంది?" అని మూడుసార్లయినా అడిగి, ఇంకొంచెం ఎగువకి వెళ్లండి.

బావగారు మొదట 'టీవీ' అని రాశారు. ఎందుకు చూస్తున్నారని అడిగితే 'ఏమీ తోచక' అని రాశారు. ఎప్పట్నించి తోచదు, మధ్యాహ్నమా, రాత్రా? కాదు, పొద్దున్నే. పెన్ను పట్టుకుని చాలాసేపు ఊరుకున్నారు. ఎదురుగా ఎవరో పాప స్కూటరు తొక్కుకుంటూ రెండుసార్లు అటూ ఇటూ తిరిగింది. అప్పుడు రాశారు: 'ఆరింటికి ఫోన్ రాదు.'

ముప్ఫై నాలుగేళ్లు పొద్దున్న ఆరింటికి ఆఫీసు నుంచి ఫోన్. ఏ ఓడ, ఎన్ని బార్జీలు, ఎన్ని గ్యాంగులు. ల్యాండ్‌లైను పోయి సెల్లొచ్చింది గానీ వేళ మారలేదు. ఇప్పుడూ ఆయనకి ఆరింటికే మెలకువొస్తుంది, ఫోన్ రాదు. మిగతా రోజంతా ఆ తూములోంచే వస్తోంది. దానికి రంగులు, ట్రాక్‌సూటు, కీబోర్డు ఏం చేస్తాయి పాపం.

తప్పు మా బావగారిదొక్కరిదే కాదు. వ్యక్తిత్వ వికాసం రాసేవాళ్లం చాలామందిమి రంగుల డబ్బాతోనే మొదలుపెట్టిస్తాం. కొత్త చొక్కా, కొత్త హాబీ, అద్దంలో చూసుకుని చిరునవ్వు. ఈ పుస్తకం మొదటి కూర్పులో నేనూ అలాంటి అధ్యాయం ఒకటి రాశాను. ఈసారి తీసేశాను.

రంగు వద్దని కూడా అనను. రాబర్ట్‌సన్ కీ దగ్గరే ఆల్కాఫ్ వంతెన ఉంది, కాలినడక వంతెన. పాత సరుకు పడవ ఆకారంలో 1997లో కట్టారు. 2004లో ఫిలిప్పీన్స్ చిత్రకారిణి పసీటా అబాద్ దీన్ని 55 రంగులతో నింపింది. వంతెన నిండా సున్నాలు, చక్రాలు, సంక్రాంతి ముగ్గుకి పిచ్చి పట్టినట్టు. అప్పటికే ఆమెకి క్యాన్సరు. ఆ ఏడాది డిసెంబరులోనే పోయింది. ఆ వంతెన మీద నిలబడితే రంగంటే నాకూ గౌరవమే పుడుతుంది. కానీ తారీఖులు చూడండి. నది బాగుపడింది 1987లో, ఈ రంగులు పడింది 2004లో. నల్లటి కంపునీళ్ల మీద ఈ వంతెనే ఉంటే ఆ 55 రంగుల్ని ఆగి చూసేదెవరు?

కిందికి నడిస్తే క్లార్క్ కీ. బార్లు, పాటలు, దీపాలు. 1989లో ఈ గోదాముల్ని కాపాడాల్సిన పాత కట్టడాల జాబితాలో చేర్చారు. 1993కల్లా సరుకు గదుల్లో బల్లలు పడ్డాయి. నాకు అక్కడ ఆగబుద్ధి కాలేదు, చెవులు హోరెత్తాయి. అక్కడే 1889 నాటి రీడ్ వంతెన ఉంది. దాని మీద మాత్రం ఆగండి.

సాయంత్రం పని దిగిన చైనా కూలీలు ఈ వంతెన దగ్గర చేరి కథలు వినేవాళ్లు. కథకుడు ఒక అగరుబత్తి వెలిగించుకుని మొదలుపెట్టేవాడు. మంచి పట్టులో ఉండగా బత్తి ఆరిపోయేది. కథ ఆగేది, డబ్బులకి చెయ్యి చాచేవాడు, మళ్లీ ఇంకో బత్తి. ఈ పద్ధతి నాకు ఎంత నచ్చిందంటే, "మా రోజుల్లో" అని మొదలుపెట్టే పెద్దలందరికీ మందులా రాసిస్తున్నాను. మీ అనుభవాలు మనవలకి చెప్పండి, తప్పకుండా చెప్పండి, కానీ ఒక అగరుబత్తి వెలిగించుకుని చెప్పండి. నిండు బత్తి ఎక్కువైతే సగానికి విరవండి. ఆరగానే, ఎంత మంచి చోటైనా సరే, ఆపేసి లేవండి. మర్నాడు వాళ్లే వచ్చి అడిగితే మీది కథ. అడగకపోతే అది మీకు మీరు కట్టించుకున్న విగ్రహం.

విగ్రహాలు ఇక్కణ్ణించి బోలెడు. గట్టు పొడుగునా కంచు మనుషులు: బస్తాలెత్తే కూలీలు, వర్తకులు, వడ్డీకిచ్చే చెట్టియార్లు. కెవనా వంతెన పక్కన నీళ్లలోకి దూకుతున్న పిల్లల కంచు బొమ్మ ఉంది, చోంగ్ ఫా చియోంగ్ చేసింది. ఇంత ముద్దొచ్చే బొమ్మ నేను మరే ఊళ్లోనూ చూడలేదు. అయినా మనసులో ఒక ముల్లు. నిజం పిల్లలు దూకినప్పుడు నీళ్లు మురికివి, నీళ్లు బాగుపడ్డాక దూకేది కంచు పిల్లలు.

బోట్ కీకి వచ్చేసరికి చీకటి పడింది. నది ఇక్కడ కడుపుతో ఉన్న చేపలా ఉబ్బుతుంది. చైనావాళ్లు దీన్ని బంగారుతీగ చేప పొట్ట అనుకుని, అది అదృష్టమని ఇక్కడే కొట్లు కట్టుకున్నారు. ఆ కొట్లు ఇప్పటికీ వరసగా ఉన్నాయి, రెండంతస్తులవి, మూడంతస్తులవి, ఎర్రపెంకులవి. వెనకాల బ్యాంకుల మేడలు ఆకాశానికి అంటుకుంటుంటే ఈ కొట్లు వాటి కాళ్ల దగ్గర కూర్చున్న ముసలమ్మల్లా ఉన్నాయి. ప్రతి కొట్టూ హోటలే. ప్రతి హోటలు ముందూ మెనూ పట్టుకుని ఒక కుర్రాడు.

బావగారు హోటళ్లకి వీపు తిప్పి నీళ్ల వైపు నిలబడ్డారు. టూరిస్టుల్ని ఎక్కించుకున్న పడవ ఒకటి వెళ్లింది. ముక్కు మీద రెండు పెద్ద కళ్లు. దారి కనబడాలని పూర్వం సరుకు పడవలకి అలా కళ్లు వేసేవాళ్లు. "సరంగు నిద్దరోతే పడవ చూసుకుంటుందన్నమాట" అన్నారాయన. అప్పుడు మెనూ కుర్రాడు వచ్చాడు, తంజావూరువాడట. తినకపోయినా కూర్చోమన్నాడు, పాపం బేరాల్లేవు. బావగారు వాడి చేతిలో ఆర్డర్ల పుస్తకం చూసి, పెన్ను అడిగి తీసుకున్నారు.

నాలుగు నిలువు గీతలు, అడ్డంగా ఒకటి. అయిదు. మళ్లీ నాలుగు, అడ్డంగా ఒకటి. కళాసీలు వరసగా దిగుతుంటే బస్తా వంక చూడకూడదట, మెడ వంక చూడాలట. ఖాళీ మనిషి మెడ నిటారుగా ఉంటుంది, బస్తా ఉన్నవాడి మెడ ముందుకి వంగుతుంది. ఎండలో, వానలో, బార్జీ ఊగుతున్నా మెడ చూస్తే లెక్క తప్పదు. కుర్రాడు నవ్వి, తమ హోటల్లో ప్లేట్లు మోసేవాళ్ల మెడ కూడా అంతేనన్నాడు. బావగారు వెనక్కి తిరిగి హోటలు లోపలికి చూశారు, ఆ సాయంత్రం మొదటిసారి. లెక్కపెడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. పెదాలు కదులుతున్నాయి.

పోపు గొడవ ఎక్కణ్ణించి పుట్టిందో నాకు అక్కడ అర్థమైంది. లెక్క ఆయనలో ఆగలేదు, సరుకే ఆగిపోయింది. సరుకు లేని లెక్క వంటింట్లోకి వెళ్లి ఆవగింజల్ని లెక్కపెడుతోంది. "మానెయ్" అంటే మానదు. తోపుడుబండివాడికి కుళాయి ఉన్న చోటు చూపించినట్టు దీనికీ ఓ చోటు చూపించాలి. మీ నోటుబుక్కులో ప్రతి గీత పక్కనా, ఇది ఎక్కడికి పోవాలి అని ఒక చోటు పేరు రాయండి. చోటు దొరకని గీతని ఇంకా కొట్టెయ్యకండి.

ఇంకో సంగతి చెప్పి నడక ముగిస్తాను. నది బాగుపడ్డ పదేళ్లకి, 1990ల చివర, సింగపూరుకి నీటికుక్కలు వాటంతటవే తిరిగొచ్చాయి. ఎవరూ తెచ్చి వదల్లేదు. ఇప్పుడు ఊరి నడిబొడ్డున గుంపులుగా ఈదుతుంటాయి. బావగారు, "ఆయ్, మన కోరింగ మడల్లో ఉంటాయే, అవే కదా!" అన్నారు. అవే జాతి. ఆ రాత్రి మాకు ఒక్కటీ కనబడలేదు. మేం తొందరపడలేదు.

కెవనా వంతెన చివరిది. 1869లో తెరిచారు. పేరు కలకత్తా కింద పనిచేసిన ఇక్కడి ఆఖరి గవర్నరుది. 1867 దాకా సింగపూరుని పాలించింది మన కలకత్తా నుంచే. ఈ వంతెన పుట్టుకతోనే లోపం ఉన్నది. బాగా కిందికి కట్టేశారు, పోటు వేళ సరుకు పడవలు దీని కింద దూరలేక పాటు కోసం కాచుకునేవి. బళ్ల రద్దీ పెరిగాక ఆ బరువుకీ ఆగలేనంది. 1910లో పక్కన ఆండర్సన్ వంతెన కట్టి, దీన్ని పడగొట్టాలనుకున్నారు. పడగొట్టలేదు, నడిచేవాళ్లకి వదిలేశారు. అదే నది మొగలో పదడుగుల శాసనం రాయి ఒకటుండేది. ఎవరికీ అర్థంకాని లిపి. 1843లో అడ్డంగా ఉందని మందుగుండు పెట్టి పేల్చేశారు. మిగిలిన ముక్క మ్యూజియంలో ఉంది, ఇప్పటికీ ఎవరూ చదవలేదు. ఏది ఉంచాలో, ఏది పేల్చాలో ఈ ఊరికీ ఒక్కసారిగా తెలియలేదు.

వంతెన మొదట్లో పాత పోలీసు నోటీసు బోర్డు ఇంకా ఉంది. మూడు హండ్రెడ్‌వెయిట్లు మించిన బళ్లు, పశువులు, గుర్రాలు దాటకూడదని. బావగారు కళ్లజోడు సర్దుకుని చదివారు. పెదాలు మళ్లీ కదిలాయి.

"మూడంటే మూడొందల ముప్ఫై ఆరు పౌన్లు. నూట యాభై రెండు కేజీలు, ఇంచుమించు." నన్ను ఎగాదిగా చూశారు. "నేను డెబ్బై నాలుగు. నువ్వెంత బావా?"

"ఎనభై రెండు" అన్నాను.

"అయితే నువ్వాగు" అని చెయ్యి అడ్డం పెట్టి, ఆయన ముందు వంతెనెక్కారు. మధ్యదాకా వెళ్లాక వెనక్కి తిరిగి, జేబులోంచి నోటుబుక్కు తీసి ఒక నిలువు గీత గీసుకుని, రమ్మని చెయ్యూపారు.